అప్పలసూరి పర్మనెంట్ ఫస్ట్ షిఫ్టు

"ఈ పిల్ల పరిగెత్తే వయసుకొచ్చేసరికి నేను కూలబడిపోతే ఎలా?"

పైకే అనేశాను. వినేవాళ్లు ఎవరూ లేరనుకున్నాను. చంకలో రెండేళ్ల వందన, చేతిలో కూరల సంచి. భిలాయ్ రుఆబాంధా కాలనీలో మా పైవాటాకి ఉన్నవి అట్టే మెట్లు కావు. అయినా మలుపు దగ్గర కూర్చుండిపోయి, నా గుండె చప్పుడు నేనే వింటున్నాను.

మెట్ల కింద నుంచి జవాబు వచ్చింది.

"కూలబడితే నానొచ్చి లేపుతాన్లే తల్లీ. ముందు నన్నెవులైనా లేపండి."

వంగి చూస్తే కింది వాటా అప్పలసూరి గారు. మెట్ల కింద గోడకి ఆనించిన పాత సైకిల్ పక్కన నేలమీద చతికిలబడి ఉన్నారు. టైర్లో గాలి ఉందో లేదో చూద్దామని వంగారట. వంగిన మనిషికి లేవడం కుదరలేదు. సంచి అక్కడే వదిలేసి, వందనని ఎత్తుకునే దిగి, చెయ్యి అందించాను. ఆయన ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో సైకిల్ సీటును పట్టుకుని లేచారు. వందన మా ఇద్దరి ఆయాసాన్నీ మార్చి మార్చి చూసి నవ్వింది.

మా స్నేహం అక్కడ మొదలైంది.

మేము ఆ ఇంట్లోకి మారి అప్పటికి నెల కూడా కాలేదు. మా ఆయన యుగంధర్ భిలాయ్‌లోనే పుట్టి పెరిగి, ఇక్కడి ఉక్కు ప్లాంటులోనే ఇంజనీరయ్యాడు. నేను విజయనగరం నుంచి వచ్చాను. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివాను. పెళ్లికి ముందు కాలేజీలో పాఠాలు చెప్పాను. వందన కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కాన్పయ్యాక పోయింది. పోయింది కదా అని ఊరుకోవద్దని, ముందు ముందు మళ్లీ రావచ్చని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. అది నాకు ఆవిడ చెప్పకముందే తెలుసు. కదిలే కండరం రక్తంలోని చక్కెరను తనంతట తాను లాక్కుంటుందని పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని. మా అమ్మ షుగర్‌తో యాభై దాటగానే గోడ పట్టుకుని నడవడం చూసినదాన్ని. కారణం తెలిసిన భయం తెలియని భయం కన్నా చిన్నదని అంటారు గానీ, నా విషయంలో అలా కాలేదు. తెలిసిన కొద్దీ భయం పెరిగింది. నడక మాత్రం మొదలవలేదు.

అందుకే అప్పలసూరి గారి కథ నాకు అంత పట్టింది. చదివేవారికి కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఆయనది పాలకొండ దగ్గర పల్లె. ఇరవై ఏళ్లప్పుడు మేనమామ వెంట భిలాయ్ వచ్చారు. ప్లాంటులో కూలీగా చేరి, బ్లాస్ట్ ఫర్నేసు ముందు, కరిగిన ఇనుము కాలవలా పారే చోట పనిచేసి, అక్కడే రిటైరయ్యారు. చేరిన ఏడాదే పవర్ హౌస్ బజారులో ఒక సైకిల్ కొన్నారు. నల్లది, మధ్యలో అడ్డకడ్డీ ఉన్నది. పెళ్లయ్యాక ఆయన భార్య గౌరీదేవి పిన్ని మొదటిసారి పవర్ హౌస్ స్టేషన్లో దిగినప్పుడు, వెనక క్యారియర్ మీద ఆవిడని, ముందు హ్యాండిల్ మీద రేకు పెట్టెని పెట్టుకుని ఇంటికి తెచ్చింది ఆ సైకిల్ మీదే. ఎండలో, వానలో, మూడు షిఫ్టుల్లో ప్లాంటు గేటుకి పోయి వచ్చింది ఆ సైకిల్ మీదే.

"అది తప్పితే వేరే ఎక్సర్‌సైజ్ ఏటో నాకు తెల్దు" అన్నారాయన ఒకసారి. "ఎక్సర్‌సైజ్ చేస్తన్నానని కూడా తెల్దు. డ్యూటీకి ఎల్తన్నాననుకున్నాను, అంతే."

రిటైరైన మర్నాడు సైకిల్‌ని మెట్ల కింద పెట్టి, వరండాలో కేన్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇన్నేళ్లూ కంపెనీ తిప్పింది, ఇక నేను తిరగను అన్నారు. ఆ కుర్చీలో రెండేళ్లు గడిచాయి. పొట్ట వచ్చింది. షుగర్ వచ్చింది. మోకాళ్లు బిగుసుకుపోయాయి. నిద్ర తగ్గింది, కోపం పెరిగింది.

ఆయనకి అసలు దెబ్బ తగిలింది మేము రాకముందు, సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు. భిలాయ్‌లో ఆ పూజ సంగతి వేరుగా చెప్పాలి. ఆ రోజు పనిముట్టు ఉన్న ప్రతివాడికీ పండగే. అప్పలసూరి గారి పాత జట్టు, ఉద్యోగంలో ఉన్నవాళ్లూ రిటైరైనవాళ్లూ కలిసి, గేటుకి కాస్త ఇవతల సైకిల్ స్టాండు దగ్గర పందిరి వేస్తారు. ఎవరి బండిని వాళ్లు పొద్దున్నే కడిగి, తుడిచి, నూనె వేసి, తొక్కుకుంటూ వచ్చి పందిరి ముందు వరసలో పెడతారు. పంతులు ఒక్కొక్క హ్యాండిల్‌కీ బొట్టు పెట్టి పువ్వు తగిలిస్తూ పోతాడు. ఎవరి బండి వెనక వాళ్లు చేతులు జోడించి నిలబడాలి. బండిని ఆటోలో వేసి తేవడం, నడిపించుకుని రావడం కుదరదు. తొక్కుకుని రావాలి. ఆ జట్టు పెట్టుకున్న నియమం అది.

ఆ ఉదయం అప్పలసూరి గారు సైకిల్‌ని తళతళా తోమారు. గేటు బయట నిలబెట్టి కాలు ఎత్తారు. కాలు అడ్డకడ్డీ దాటలేదు. పెడల్ మీద ఒక కాలు వేసి ఊపుతో మళ్లీ ఎత్తారు. మడమ క్యారియర్‌కి తగిలి సైకిల్‌తో సహా పక్కకి ఒరిగారు. పిన్ని పరిగెత్తుకొచ్చి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. చివరికి ఆటోలో వెళ్లారు.

ఆయన పాత జోడీ సింహాద్రి గారు ఆటో దిగుతుండగానే అందుకున్నారట. "ఏటి సూరీ, ఆటోలో దిగీసినావు? పూజకొచ్చినావా, ఆస్పత్రిలో చేరడానికొచ్చినావా?"

అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు. కానీ బొట్లు పెట్టే వేళకి అందరూ తమ తమ బండ్ల వెనక నిలబడితే, ఈయనకి నిలబడడానికి చోటు లేదు. ఆటోల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఫర్నేసు ముందర నిలబడ్డోడిని. ఆటో పక్కన నిలబడ్డాను" అని నాకు చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు.

గౌరీదేవి పిన్ని ఆ సైకిల్ అంటే ప్రేమ లేక కాదు, మొగుడికేమవుతుందోనన్న భయంతో పట్టుబట్టింది. "వొచ్చే విశ్వకర్మ పూజ దాకా చూస్తాను. అప్పటికీ కాలు ఎత్తలేకపోతే పాత ఇనపసామాన్ల కబాడీవాడికి ఇచ్చీడమే. మళ్లీ ఎక్కబోయి తుంటి ఇరగ్గొట్టుకుంటే నానా నిన్ను మొయ్యడం?"

మెట్ల కింద ఆయన టైర్లు చూసింది ఆ గడువు గుర్తొచ్చే. కాలు కడ్డీ దాటాలి. దాటకపోతే సైకిల్ పోతుంది. ఆయనకి కావలసింది అంత చిన్నది, అంత పెద్దది.

"నడవడం మొదలెట్టండి బాబాయి గారూ. నడిస్తే మోకాలు వదులవుతుంది, షుగరూ దిగుతుంది" అన్నాను ఆ రోజే. చెప్పడం నాకు బాగా వచ్చు.

మర్నాడు తెల్లవారుజామున కిటికీలోంచి చూస్తే ఆయన రోడ్డు మీద ఉన్నారు. మెడలో మఫ్లర్, కాళ్లకి ప్లాంటులో ఇచ్చిన పాత బూట్లు. ఆ వారమంతా కనిపించారు. నాకు సంతోషమేసింది. తర్వాతి వారం తెల్లవారుజామున రోడ్డు ఖాళీ. మానేశారనుకున్నాను. మధ్యాహ్నం వందన బట్టలు ఆరేస్తుంటే, భోజనాల వేళ దాటాక, ఎండలో నడుస్తూ కనిపించారు. ఆ పై వారం పగలెప్పుడూ కనపడలేదు. ఒక పొద్దున్న పిన్ని నన్ను కేకేసింది.

"మణీ, ఓలమ్మా, కిందికి రా. మీ బాబాయి ఏటి చేసేడో విను."

వెళ్లాను. ఆయన కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు. పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"రాత్రి నడకకి ఎల్లేడు. నాను నిద్రపోయేక. కుక్కలు తరిమితే ఎక్కడో గోడెక్కి కూకున్నాడు. గస్తీ జీపు వొచ్చింది. 'దాదా, కహా జా రహే హో?' అని, ఎక్కడికెల్తన్నావని అడిగేరట. ఏటన్నాడో అడుగు."

ఆయన నేల చూపులు చూశారు.

"డ్యూటీకి, అన్నాడమ్మా! రిటైరై రెండేళ్లయింది! ఆళ్లు పాపం మతిమరుపు మనిషనుకుని జీపులో కూకోబెట్టి, ఇల్లు కనుక్కుని దింపేరు. 'మాతాజీ, దాదాకో అకేలే మత్ ఛోడియే' అని, ఒంటరిగా ఒగ్గొద్దని నాకు జాగర్తలు చెప్పేరు."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనే చిన్నగా అన్నారు. "ఈ వారం నైట్ షిఫ్టు కదా మరి."

అప్పుడు అర్థమైంది. ఆయన తన నడకని షిఫ్టుల్లో వేసుకున్నారు. ఒక వారం ఫస్ట్ షిఫ్టు, ఒక వారం సెకండ్, ఒక వారం నైట్. ప్లాంటులో డ్యూటీ చార్టు ఎలా తిరిగేదో అలాగే. ఆయనకి నడక కూడా డ్యూటీయే, డ్యూటీ అంటే తిరిగేదే. వేరే దారి ఉందని తోచనే లేదు. అంతే కాదు, మధ్యలో రెండు రోజులు ఎగ్గొడితే దానికి బదులుగా ఆదివారం ఓవర్‌టైం. ఒక ఆదివారం మైత్రీబాగ్ పార్కు దాకా నడిచి, మోకాళ్లు వాచి, మూడు రోజులు మంచం దిగలేదట. ఓవర్‌టైం చేసినందుకు తర్వాత సెలవు రావాలి కాబట్టి ఆ మూడు రోజులూ ఆయన లెక్కలో తప్పు లేదు.

"నడిచేక చౌక్ కాడ అటుకుల పోహా, జిలేబీ కూడా అవుతోంది. కేంటీన్ టైం అట" అంది పిన్ని.

"ఒక్కసారేనే!"

"జిలేబీ ఒక్కసారి, పోహా రోజూనా?"

నేను వాళ్లిద్దరి మధ్యా కూర్చుని, నాకు తెలిసినది చెప్పాను. శరీరంలో ఒక గడియారం ఉంటుంది. రోజూ ఒకే వేళకి చేసే పనికి అది ముందుగానే సిద్ధపడుతుంది. ఆకలి వేళకి నోట్లో నీరు ఊరినట్టు, నడక వేళకి కాళ్లు తయారవుతాయి. వారానికొకసారి వేళ మార్చేస్తే ప్రతి వారమూ మొదటి రోజే. ఏ వారమూ అలవాటు కాదు. అలవాటు కానిది బలవంతం, బలవంతం ఎన్నాళ్లు నడుస్తుంది?

ఆయన జాగ్రత్తగా విన్నారు. "అయితే ఒకే టైమంటావా?"

"అవును బాబాయి గారూ. జనరల్ షిఫ్టులాగా."

నేను అనకూడని మాట అన్నట్టు తలెత్తారు. "జనరల్ షిఫ్టా? అది ఆఫీసోళ్లది! ఇస్త్రీ చొక్కా యేసుకుని, పది గంటలకి టీ తాగుతూ ఫైళ్లు తిప్పేవోళ్లది. నాను ఫర్నేసు మనిషిని. సింహాద్రి వింటే నా పరువేటి కావాలి?"

"మరి గస్తీ జీపులో రావడానికి పరువు ఉన్నాదా?" అంది పిన్ని.

కాసేపు బేరం నడిచింది. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టారు. ఫర్నేసు మనిషి పరువు పోకుండా, నా గడియారానికీ అడ్డం రాకుండా.

"పర్మనెంట్ ఫస్ట్ షిఫ్టు" అన్నారు. "మా కాలంలో అందరూ అదే అడిగేవోరు. ఎవుడికీ ఇవ్వలేదు. నాకు నానే ఇచ్చుకుంటాను."

ఓవర్‌టైం రద్దు. ఒక రోజు పోతే ఆ రోజు పోయినట్టే, మర్నాడు దానికి వడ్డీ కట్టనక్కర్లేదు. జిలేబీ విషయంలో పిన్ని ఏ బేరానికీ ఒప్పుకోలేదు.

ఇక అక్కడి నుంచి చెప్పడానికి పెద్ద సంఘటనలేమీ లేవు. నాకు ఆ కాలమే బాగా నచ్చింది. చలికాలమంతా ఆయన తెల్లవారుజామున వెళ్లి వచ్చారు. మొదట్లో మా వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్లి, చెట్టుకి ఆనుకుని నిలబడి, తిరిగి వచ్చేవారు. కొన్నాళ్లకి ఆ చెట్టు దగ్గర ఆగడం మానేశారు. ఇంకొన్నాళ్లకి పక్క సెక్టారు వైపు మలుపు తిరగడం కనిపించింది. నేను పాల కోసం గిన్నె పెట్టే వేళకి ఆయన బూట్ల చప్పుడు కింద వినపడేది. ఆ చప్పుడు వినకపోతే నాకే ఏదో వెలితిగా ఉండేది.

ముందు మారింది మోకాలు కాదు, నిద్ర. "పడుకుంటే పడుకున్నట్టే ఉంటున్నాడు. గురక కూడా డ్యూటీలాగ టైముకి మొదలవుతోంది" అంది పిన్ని. తర్వాత కోపం తగ్గింది. ఉప్పు ఎక్కువైనా కంచం తోయడం మానేశారట. ఎండలు మొదలయ్యేసరికి బెల్టుకి కొత్త కన్నం వేయించుకున్నారు. షుగర్ పరీక్ష చేయించుకుని వచ్చిన రోజు కాగితం నా చేతికిచ్చి, మాస్టారి ముందు కుర్రాడిలా నిలబడ్డారు. బాగా దిగింది. మాత్రలు ఇంకా ఉన్నాయి, ఉంటాయి కూడా, కానీ డాక్టరు ఒకటి తగ్గించారు. నడక మందుకి బదులు కాదనీ, మందుకి తోడనీ నేను చెప్పాను. "తోడుంటే చాలమ్మా" అన్నారు.

మోకాలు అన్నిటికన్నా ఆఖరున దారికి వచ్చింది. ఉత్త నడకతో కాలు అంత ఎత్తు లేవదని నేనే ఒక చిన్న పని చెప్పాను. నడిచి వచ్చాక వరండా పిట్టగోడ పట్టుకుని ఒక్కొక్క కాలూ పక్కకి ఎత్తి దింపాలి. మొదట వీలైనంత, నొప్పి పుట్టేదాకా వద్దు. వందన ఆయన పక్కన నిలబడి తనూ కాలు ఎత్తేది. ఎత్తి, బోర్లా పడేది. ఆయన ఎంత ఎత్తారో చూసి "ఇంకా, తాతా!" అనేది. ఆయన దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు.

మరి నేను?

నేను బూట్లు కొన్నాను. ఫోన్లో యాప్ పెట్టుకున్నాను. నా వయసుకి గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో చూసుకున్నాను. సోమవారం మొదలుపెట్టాను. గురువారం వందనకి జలుబు చేసింది. మళ్లీ సోమవారం మొదలుపెట్టాను. యుగంధర్‌కి నైట్ షిఫ్టు పడింది, పిల్ల దగ్గర ఎవరూ లేరు. పిన్ని "నా దగ్గర ఒగ్గీ, నాను చూస్తాను" అంది. ఆ రాత్రంతా, పొద్దున్నే లేచి ఎంతసేపు నడవాలి, చాలకపోతే ఉపయోగం ఉందా లేదా అని లెక్కలు వేస్తూ పడుకున్నాను. తెల్లవారేసరికి ఆ లెక్కల బరువుకే లేవలేకపోయాను. కింద బూట్ల చప్పుడు వెళ్లింది, వచ్చింది. నేను దుప్పటి కప్పుకునే ఉన్నాను.

వానాకాలం వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ముసురు మీకు తెలియకపోతే చెబుతాను. వాన మొదలైతే రోజుల తరబడి ఆకాశం తెరిపి ఇవ్వదు. ఇక ఈయన నడక అయిపోయినట్టే అనుకున్నాను. పిన్నీ అనుకుంది. కబాడీవాడు ఇటుగా వస్తే మెట్ల కిందకి చూసి "దీదీ, యే సైకిల్ దేనా హై క్యా?" అని, ఇచ్చేస్తారా అని అడగడం కూడా జరిగింది. "విశ్వకర్మ పూజ అయ్యేక రా భయ్యా" అంది పిన్ని. అది నాకు వినపడింది. ఆయనకీ వినపడింది.

మర్నాడు కుండపోత. తెల్లవారుజామున కింద చప్పుడు. కిటికీలోంచి చూస్తే గొడుగు, దాని కింద మఫ్లర్.

విశ్వకర్మ పూజ నాడు తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. పొద్దున్నే సైకిల్ వరండాలోకి వచ్చింది. తోమడం, నూనె వేయడం, గాలి కొట్టడం అయ్యాయి. పిన్ని గుమ్మంలో చీర కొంగు నడుముకి దోపుకుని నిలబడింది, పడితే పట్టుకోవడానికి. నేను వందనని ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డాను.

ఆయన సైకిల్‌ని రోడ్డు మీద నిలబెట్టారు. రెండు చేతులూ హ్యాండిల్ మీద వేశారు. కాలు ఎత్తారు. మడమ క్యారియర్‌కి తగిలింది. పిన్ని ఒక అడుగు ముందుకేసింది.

"ఆగవే" అన్నారాయన, తల తిప్పకుండా.

ఈసారి సైకిల్‌ని కాస్త తనవైపు వాల్చుకున్నారు. కాలు నెమ్మదిగా లేచింది. పిట్టగోడ దగ్గర రోజూ లేచినట్టే, అంతే నెమ్మదిగా. కడ్డీ దాటింది. అవతల నేలకి ఆనింది.

ఒక్క క్షణం అలాగే నిలబడి, తన కాలు వైపు తనే చూసుకున్నారు, ఇది నాదేనా అన్నట్టు. వందన "ఇంకా, తాతా!" అని అరిచింది. ఆయన పెడల్ మీద కాలు వేశారు.

మేము ముగ్గురం వెనక ఆటోలో వెళ్లాం. ఆటో అబ్బాయికి "ముందుకు పోవద్దు భయ్యా, ధీరే ధీరే" అని పిన్ని దారంతా చెబుతూనే ఉంది. సెంట్రల్ ఎవెన్యూ మీద చెట్ల కింద ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. తెల్ల చొక్కా, మెడలో మఫ్లర్, సెప్టెంబరు ఉక్కలో. పిన్ని కళ్లు తుడుచుకుంది. నేను చూసినట్టు గమనించి, "దుమ్ము" అంది. రాత్రంతా వాన కురిసిన రోడ్డు మీద దుమ్ము ఎక్కడిదని నేను అడగలేదు.

సింహాద్రి గారు పందిరి ముందే ఉన్నారు. సైకిల్ దిగడం చూశారు. ఏదో అనడానికి నోరు తెరిచి, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"ఏటి సూరీ, డ్యూటీకి మళ్లీ తీసుకున్నారేటి నిన్ను?"

"పర్మనెంట్ ఫస్ట్ షిఫ్టు" అన్నారు అప్పలసూరి గారు.

"ఓరి బాబో! ఎవుడిచ్చేడు?"

"పై నుంచి వొచ్చింది ఆర్డరు" అని ఆయన నా వైపు చూపించారు. సింహాద్రి గారికి అది అర్థం కాలేదు కానీ, తన సైకిల్‌ని కాస్త జరిపి వరసలో చోటిచ్చారు. పంతులు వచ్చి హ్యాండిల్‌కి బొట్టు పెట్టాడు. అప్పలసూరి గారు తన సైకిల్ వెనక, చేతులు జోడించుకుని నిలబడ్డారు.

ప్రసాదం తిన్నాక ఆయన పిన్నిని పిలిచి, క్యారియర్ తట్టి చూపించారు. "ఎక్కుతావేటి? పవర్ హౌస్ స్టేషన్ నుంచి తెచ్చినట్టు తీసుకెల్తాను."

"ఆ రోజు నాను పుల్లలాగుండేదాన్ని. ఇప్పుడెక్కితే సైకిలు సరాసరి కబాడీకే" అంది పిన్ని. కానీ కబాడీవాడి మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

పందిరి పక్కన నిలబడితే ప్లాంటు గేటు కనిపిస్తుంది. నేను అప్పుడు ఆయన్ని అడిగాను. ఆ కుండపోత రోజు ఎలా లేచారు బాబాయి గారూ, నేను ఎండ కాసిన రోజు కూడా లేవలేకపోతున్నాను.

ఆయన నవ్వలేదు. నా బాధ నిజమని ఆయనకి తెలుసు. మెట్ల మలుపులో నేను అన్న మాట మొదట విన్నది ఆయనే కదా.

"నాకేటి లెగాలనిపించిందనుకున్నావా?" అన్నారు. "ఉద్యోగంలో ఉన్నప్పుడూ అనిపించేది కాదు. చలికాలం, తెల్లారకుండా ఫస్ట్ షిఫ్టు. ఎనిమిది గంటలు ఫర్నేసు ముందర అనుకుంటే మంచం ఒగ్గబుద్ధి కాదు. అందుకే డ్యూటీ అనుకునేవోడ్ని కాదు. గేటు దాకా ఎల్దాం అనుకునేవోడ్ని. గేటు కాడికెల్లి, నచ్చకపోతే తిరిగొచ్చీవొచ్చు. నా ఇష్టం."

"ఎప్పుడైనా తిరిగొచ్చారా?"

"గేటు దాకా వొచ్చిన మనిషి తిరిగి ఎల్లిపోవడం నానెప్పుడూ చూడలేదమ్మా."

అంతసేపూ పరిగెత్తుతున్న వందన వచ్చి నా కాళ్లని చుట్టుకుంది. దాన్ని ఎత్తుకున్నాను.

ఆ తర్వాత నేను ఫోన్లోంచి యాప్ తీసేశాను. గుండె వేగం లెక్కలు మానేశాను. రాత్రి బూట్లు తలుపు పక్కన పెట్టుకుంటాను. తెల్లవారుజామున కింద బూట్ల చప్పుడు వినపడగానే, యుగంధర్ ఇంట్లో ఉంటే పిల్లని అతని పక్కకి జరిపి, లేకపోతే నిద్రలోనే పిన్ని మంచం మీదకి చేర్చి, మెట్లు దిగుతాను. మా వీధిలో ప్లాంటు గేటు లేదు. ఆ వేపచెట్టునే గేటు అనుకున్నాను. కొన్ని రోజులు దాని దాకా వెళ్లి నిజంగానే తిరిగి వచ్చేద్దామని వెళ్లాను. అక్కడికి వెళ్లాక ఇంకాస్త పోదామనిపించింది. ఇప్పుడు మెట్ల మలుపులో నేను ఆగడం లేదు. పిల్లని చంకనేసుకుని ఎక్కుతూ పాట కూడా పాడుతున్నాను. మంచి పాటేమీ కాదు. దానికి నచ్చుతుంది.

భయం పూర్తిగా పోలేదు. తల్లినయ్యాక అది ఎక్కడికి పోతుంది? ఇవాళ కూడా లేచేముందు కాసేపు వచ్చి పక్కన కూర్చుంది. బయట మంచు, దుప్పటి వెచ్చగా ఉంది. కింద నుంచి కేక వినపడింది.

"అమ్మా మణీ, నడవమన్నానేటి? గేటు దాకా రా, చాలు."